బీపీ మాత్రతో కాళ్లు వాస్తున్నాయి, మానేయొచ్చా?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మాది ఖమ్మం జిల్లాలో ఒక పల్లెటూరు, నా వయసు 54. రెండేళ్లుగా బీపీకి ఆమ్లోడిపిన్ 5 ఎంజీ వేసుకుంటున్నా. మూడు నెలల కింద బీపీ 160 దాటిందని 10 ఎంజీ చేశారు. అప్పట్నుంచి సాయంత్రం అయ్యేసరికి రెండు కాళ్లూ చీలమండల దగ్గర వాస్తున్నాయి, చెప్పులు పట్టట్లేదు. కిడ్నీలు దెబ్బతిన్నాయేమో అని భయపడి వారం కింద మాత్ర ఆపేశా, వాపు తగ్గింది, బీపీ కూడా 140 దగ్గరే ఉంది. ఇక మానేయొచ్చా? మా బావమరిది టెల్మిసార్టాన్ వాడతాడు, అతనికి వాపు లేదు, నేనూ అదే తెచ్చుకోవచ్చా? మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు డైక్లోఫెనాక్ కూడా వేసుకుంటా.

జవాబు: మానేయొద్దండి. ముందు ఆ 140 సంగతి చెప్తా, ఎందుకంటే చాలామంది మోసపోయేది అక్కడే. ఆమ్లోడిపిన్ ఒంట్లోంచి చాలా నిదానంగా పోతుంది, సగం మందు పోవడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది, అంటే మీరు ఆపేసినా మొదటి నాలుగైదు రోజులు అది ఎంతో కొంత పనిచేస్తూనే ఉంది. మీరు చూసిన 140 పాత మాత్ర పుణ్యమే అయ్యుండొచ్చు, ఇంకో వారం ఆగి చూస్తే మళ్లీ 160కి ఎక్కినా నేనేం ఆశ్చర్యపోను.

ఇక వాపు. రెండు కాళ్లూ ఒకేలా వాచి, డోసు పెంచాక మొదలై, ఆపగానే తగ్గిందంటే అది దాదాపు మాత్ర వల్లే. ఈ మందు గుండె నుంచి రక్తం తెచ్చే నాళాల్ని బాగా వదులు చేస్తుంది, వెనక్కి తీసుకెళ్లే సిరల్ని అంతగా చేయదు. పొలంలోకి వచ్చే కాలవ గేటు మొత్తం ఎత్తేసి బయటికి పోయే దారి మాత్రం అలాగే ఉంచితే నీళ్లు నిలవవా, అదే లెక్క, సాయంత్రానికి ఆ నీరంతా చీలమండల దగ్గర చేరుతుంది. 5 ఎంజీలో కంటే 10 ఎంజీలో ఇది బాగా ఎక్కువ. మందుల షాపులో అడిగితే మూత్రం మాత్ర ఇస్తారు, ఈ రకం వాపుకి అది పెద్దగా పనిచేయదు, ఊరికే బాత్రూంకి తిరగడమే. అయినా ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్త పరీక్ష), యూరిన్‌లో ప్రొటీన్ టెస్టులు చేయించుకోండి, మీ భయం కూడా తీరుతుంది. ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, పొద్దున లేచేసరికి మొహం ఉబ్బినా మాత్రం అది వేరే సంగతి, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మామూలుగా మేం చేసేదేంటంటే ఆమ్లోడిపిన్‌ని మళ్లీ 5కి దించి, దానికి టెల్మిసార్టాన్ 40 కలుపుతాం. ఒకే మందు డోసు డబుల్ చేసేకంటే రెండు మందులు కొంచెం కొంచెం ఇస్తే బీపీ బాగా తగ్గుతుంది, పైగా టెల్మిసార్టాన్ సిరల్ని కూడా కాస్త వదులు చేస్తుంది కాబట్టి వాపూ తగ్గుతుంది. రెండూ కలిపిన ఒకే మాత్ర దొరుకుతుంది. కొంతమందికి ఆమ్లోడిపిన్ తీసేసి సిల్నిడిపిన్ ఇస్తాం, అందులో వాపు తక్కువ.

అలాగని బావమరిది చీటీ పట్టుకుని షాపుకి వెళ్లకండి. టెల్మిసార్టాన్ మొదలుపెట్టే ముందు క్రియాటినిన్, పొటాషియం చూడాలి, మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్లీ చూడాలి. బీపీకి మంచిదని అమ్మే లో సోడియం ఉప్పులో సోడియం కొంత తగ్గించి దాని బదులు పొటాషియం కలుపుతారు, ఈ మాత్రతో పాటు అది వాడితే ఒంట్లో పొటాషియం ప్రమాదకరంగా పెరగొచ్చు. ఇంట్లో గర్భిణి ఉంటే ఆమె ఈ మాత్ర జోలికి అస్సలు పోకూడదు. ఎవరైనా రామిప్రిల్ రాస్తే అదీ ఇంచుమించు ఈ దారిలోనే పనిచేస్తుంది, కాకపోతే కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది, టీబీ ఏమో అని ఎక్స్‌రేలు తీయించుకుంటూ తిరిగినవాళ్లని చూశాను. (ఈ జాతి మందులకి దారి చూపింది బ్రెజిల్‌లో ఒక పాము విషం అంటే నమ్ముతారా, నిజమే.)

అసలు నా కన్ను పడింది మీరు చివర్లో ఏదో మామూలుగా రాసేసిన ముక్క మీద. డైక్లోఫెనాక్. ఆ మాత్ర ఒంట్లో ఉప్పుని, నీటిని పట్టి ఉంచుతుంది, బీపీ పెంచుతుంది, కాళ్ల వాపుని కూడా పెంచుతుంది, రేపు టెల్మిసార్టాన్ మొదలుపెడితే రెండూ కలిసి కిడ్నీ మీద పడతాయి. మీ బీపీ 160 దాటిన రోజుల్లో మోకాళ్ల నొప్పి ఎక్కువగా ఉండి ఇవి ఎక్కువ వేసుకున్నారేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అదే కారణమైతే 10 ఎంజీ అవసరమే పడి ఉండకపోవచ్చు. నొప్పికి పారాసిటమాల్, పైన రాసుకునే జెల్, తొడ కండరాలకి ఎక్సర్‌సైజులు, వీటితో నెట్టుకురావచ్చేమో మీ డాక్టర్‌ని అడగండి.

ఖర్చు సంగతి ఆలోచించకండి, 2017లో కేంద్రం మొదలుపెట్టిన బీపీ కంట్రోల్ ప్రోగ్రాంలో తెలంగాణ మొదటి ఐదు రాష్ట్రాల్లో ఒకటి, పీహెచ్‌సీలో బీపీ మందులు ఫ్రీగానే ఇస్తారు. ఈ రెండు మూడు రోజుల్లో వెళ్లండి, అప్పటిదాకా వాపు లేనప్పటి ఆ పాత 5 ఎంజీ వేసుకోవచ్చా అని ఇవాళే ఫోన్ చేసి మీ డాక్టర్‌ని అడగండి. పొద్దున, సాయంత్రం ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ చూసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితంతో పాటు డైక్లోఫెనాక్ స్ట్రిప్ కూడా జేబులో పెట్టుకెళ్లండి, దాని గురించి మీరు ఇప్పటిదాకా ఆయనకి చెప్పి ఉండరని నా అనుమానం.