గేర్ రాడ్ ఒక్కసారిగా వదులైపోతే గేర్‌బాక్స్ పోయినట్టేనా?

బండి నడుస్తుండగానే రాడ్ వదులైపోయిందని, ఎటు తిప్పినా తిరుగుతోంది కానీ ఏ గేరూ పడటం లేదని రాశారు. గేర్‌బాక్స్ పోయిందేమోనని మీ భయం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే చాలావరకు కాదు. నాకూ అచ్చం ఇలాగే జరిగింది.

మూడో గేర్‌లో వెళ్తున్నాను. ముందు బండ్లు ఆగుతున్నాయని రెండుకి మారుద్దామని లాగితే, రాడ్ గిన్నెలో గరిటెలా ఊగిపోయింది. చెమటలు పట్టేశాయి. క్లచ్ తొక్కి, హజార్డ్ లైట్లు వేసి, ఉన్న ఊపుతోనే రోడ్డు పక్కకి తెచ్చాను. అంతవరకు బాగానే చేశాను. తర్వాత రాడ్ మధ్యలో ఉంది కదా, న్యూట్రల్‌లోనే ఉందనుకుని క్లచ్ వదిలేశాను. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. ముందు ఎవరైనా నిలబడి ఉంటే ఏమయ్యేదో!

రాడ్ న్యూట్రల్‌లో ఉన్నట్టు కనిపిస్తున్నా, లోపల గేర్‌బాక్స్ మూడులోనే ఉండిపోయింది. కాబట్టి మీ కారు ఇప్పుడు ఏ గేర్‌లో ఉందో రాడ్‌ని చూసి నమ్మకండి. క్లచ్ పూర్తిగా తొక్కకుండా స్టార్ట్ చేయొద్దు. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రం కింద ఒక రాయి కూడా పెట్టండి.

ఇక అసలు సంగతి. ఇప్పటి మాన్యువల్ కార్లలో చాలావాటికి రాడ్ నుంచి గేర్‌బాక్స్ దాకా రెండు కేబుళ్లు వెళ్తాయి. ఒకటి రాడ్ ముందుకీ వెనక్కీ కదిలినప్పుడు పనిచేస్తుంది, రెండోది పక్కలకి కదిలినప్పుడు. గేర్‌బాక్స్ వైపు కేబుల్ చివర గుండ్రటి బాల్ మీద బిగుసుకుని ఉంటుంది. మధ్యలో ఒక చిన్న ప్లాస్టిక్ లేదా రబ్బరు బుష్, అంటే తొడుగు లాంటి ముక్క. వేడికి, వయసుకి అది పగిలితే కేబుల్ ఊడి వస్తుంది. నాకు జరిగింది అదే. వేలెడంత కూడా లేని ముక్క కోసం నేను ఆ గంటంతా పడిన టెన్షన్ తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఫోన్‌లో మాట్లాడిన మొదటి మెకానిక్ "గేర్‌బాక్స్ దించాల్సిందే" అన్నాడు, బండి చూడకుండానే. ఇంకొకాయన వచ్చి ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి, టార్చ్ వేసి చూశాడు. ఊడిన కేబుల్‌ని బాల్ మీదకి నొక్కి, కేబుల్ టైతో కట్టేశాడు. నెమ్మదిగా గేర్లు మారుస్తూ ఇల్లు చేరాను. మర్నాడు కొత్త బుష్ వేయించాను. అందుకే అంటున్నాను, బానెట్ ఎత్తి కేబుళ్లు చూడకుండా గేర్‌బాక్స్ దించుతామంటే ఒప్పుకోకండి. మీరే చూడాలనుకుంటే ఇంజన్ ఆపి, చల్లారాక చేయి పెట్టండి.

రాడ్ వదులుగా కాకుండా గట్టిగా బిగుసుకుపోతే కథ వేరు. ఇంజన్ ఆపినప్పుడు గేర్లు మామూలుగా పడుతూ, ఆన్‌లో ఉంటే పడకపోతే ముందు క్లచ్‌నే అనుమానించాలి. ఆటోమేటిక్‌లో పార్క్ నుంచి లివర్ కదలకపోతే, బ్రేక్ తొక్కినప్పుడు వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ఎవరినైనా చూడమనండి. వెలగకపోతే తప్పు బ్రేక్ స్విచ్‌దో ఫ్యూజ్‌దో అయ్యుండొచ్చు. చాలా కార్లలో లివర్ పక్కనే షిఫ్ట్ లాక్ (బ్రేక్ తొక్కితే తప్ప లివర్‌ని పార్క్ నుంచి కదలనివ్వని తాళం) విడిపించే చిన్న బటనో రంధ్రమో ఉంటుంది, కారుతో ఇచ్చిన పుస్తకంలో చూడండి. ఆటోమేటిక్‌ని మాత్రం తాడు కట్టి లాగించకండి. చక్రాలు నేలకి తగలకుండా బండి మీదకి ఎక్కించుకుని తీసుకెళ్లేవాళ్లని పిలవండి.

ఇంకొక్క మాట. ఆ రోజు బుష్ వేసినాయన రెండో కేబుల్‌దీ మార్చేద్దామన్నాడు. బాగానే ఉంది కదా, ఎందుకులే అన్నాను. కొన్ని నెలలకి అదీ ఊడింది. ఈసారి రాడ్ పక్కలకి తిప్పినా లాభం లేదు, మూడు, నాలుగు గేర్లు మాత్రమే పడుతున్నాయి. మూడులో క్లచ్ కాల్చుకుంటూ బయల్దేరడం ఇష్టం లేక బండి పక్కన పెట్టి ఆయనకే ఫోన్ చేశాను. ఆ బుష్ మార్చడానికి అరగంట కూడా పట్టలేదు.