టెర్లిన్ చొక్కా, వదలని వాసన

ప్రశ్న: మా బాబు ఎనిమిదో తరగతి. యూనిఫాం చొక్కా గుడ్డలో పాలిస్టర్ కలిసిందట. ఉతికితే గంటలో ఆరిపోతుంది, ఇస్త్రీ అక్కర్లేదు. కానీ సాయంత్రానికి ఒంటికి అతుక్కుపోతోంది. ఎంత ఉతికినా చంకల దగ్గర వాసన పోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీరు మెచ్చుకున్నదీ, విసుక్కుంటున్నదీ ఒకే గుణాన్ని. పాలిస్టర్ దారం నీళ్లు తాగదు. మామూలు గాలిలో నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటే, ఇది అర శాతం కూడా పట్టదు. అందుకే ఇట్టే ఆరుతుంది, అందుకే చెమటా ఒంటిమీదే నిలుస్తుంది. నీళ్లంటే గిట్టని ఈ దారానికి జిడ్డంటే మాత్రం మహా ప్రీతి. ఆ వాసన కాపురం ఉండేది జిడ్డులోనే.

ముప్పై ఏళ్లు బట్టల కొట్లో గజం బద్ద పట్టినవాణ్ణి. నా చిన్నప్పుడు టెర్లిన్ చొక్కా అంటే పెళ్లికొడుకు చొక్కా! 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన పాలిస్టర్‌కు అక్కడి పేరు టెరిలీన్. మన నోట్లో నలిగి టెర్లిన్ అయింది. మా నాన్న టెర్లిన్ చొక్కాను నేనే బొగ్గుల ఇస్త్రీపెట్టెతో తగలేశాను. జేబు ముడుచుకుపోయి అట్టలా బిగిసింది. వీపు మీద పడ్డవి లెక్కపెట్టలేదు.

మీ గుడ్డలో ఏముందో చూడాలంటే లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, స్టీలు పళ్లెంలో పెట్టి వెలిగించండి. నూలైతే కాగితంలా కాలి మెత్తని బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి నల్లపూసలా మిగులుతుంది. అది ఒంటిమీద కరిగితే చర్మానికి అంటుకుంటుంది. కాబట్టి దీపావళినాడు ఆ చొక్కా వద్దు.

బాబు రాగానే చొక్కా తిరగేసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో అరగంట నానబెట్టండి. చంకల దగ్గర బ్రష్షుతో రుద్దండి. సలసల కాగే నీళ్లు పోస్తే ముడతలు పడిపోతాయి. ఉతికాక కలిపే సువాసన ద్రవం మానేయండి, అది జిడ్డు మీద ఇంకో పూత. లోపల నూలు బనియన్ వేయండి. బడివాళ్లు ఒప్పుకుంటే అదే రంగులో నూలు చొక్కా కుట్టించడం నా మాట. ఇస్త్రీ బాధ తప్పదు మరి.

ప్యాంటు జోలికి మాత్రం పోకండి. ఎనిమిదో తరగతి పిల్లాడి మోకాళ్లకు పాలిస్టరే ఆగుతుంది.