సెట్టింగ్ సోర్స్‌బుక్‌ను ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: మిత్రులతో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్ర పోషిస్తూ కథ నడిపే ఆట) ఆడుతున్నాను. మా బృందానికి గేమ్ మాస్టర్‌ని, అంటే లోకాన్ని వర్ణించి ఆట నడిపించే వ్యక్తిని, నేనే. ఇంతవరకు విడివిడి సాహసాలు నడిపాను. ఇకపై ఒకే లోకంలో సుదీర్ఘమైన క్యాంపెయిన్ (వరుసగా సాగే కథ) నడపాలని సెట్టింగ్ సోర్స్‌బుక్ (ఆట జరిగే లోకాన్ని వర్ణించే పుస్తకం) కోసం చూస్తున్నాను. నా ముందు రెండు ఉన్నాయి. మొదటిది మూడు వందల పేజీలకు పైబడినది. వేల ఏళ్ల చరిత్ర, రాజవంశాల వివరాలు, చక్కని బొమ్మలు ఉన్నాయి. రెండోది వంద పేజీలైనా లేదు, ఒకే ఒక లోయ గురించి చెబుతుంది. మనసు పెద్దదాని వైపే లాగుతోంది. ఇలాంటి పుస్తకాన్ని దేన్ని బట్టి అంచనా వేయాలి?

జవాబు: పేజీల సంఖ్యను, బొమ్మలను కాసేపు పక్కన పెట్టండి. ఆటగాళ్లు బల్ల చుట్టూ చేరాక మీరు నోరు తెరిచి ఏం చెప్పగలుగుతారన్నదే సెట్టింగ్ పుస్తకానికి అసలు పరీక్ష. అందుకే నేను ఇలాంటి పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చదవను. మధ్యలో ఏదో ఒక ఊరి వర్ణన దగ్గర తెరిచి, అదొక్కటే చదివి, పుస్తకం మూసి, దానితో ఒక పూట ఆట నడపగలనా అని చూసుకుంటాను. అక్కడ ఎవరికి ఏం కావాలి, వారికి అడ్డు ఎవరు, మన పాత్రలు జోక్యం చేసుకోకపోతే నెల తిరిగేసరికి ఏమవుతుంది అన్న మూడు సంగతులూ తెలిస్తే ఆ పేజీ తన పని తాను చేసినట్లే.

ఒక రేవు పట్టణాన్ని ఉదాహరణగా ఊహించుకుందాం. దాన్ని మూడు వందల ఏళ్ల కిందట ఫలానా రాజు కట్టించాడని, జనాభా ఆరు వేలని, అక్కడి నుంచి ఉప్పు, ఉన్ని ఎగుమతి అవుతాయని ఒక పుస్తకం చెబుతుంది. అందులో తప్పేమీ లేదు, కానీ ఆ సమాచారంతో మీరు చేయగలిగిందీ ఏమీ లేదు. ఇంకో పుస్తకం, రేవులోని దీపస్తంభం పది రోజులుగా వెలగడం లేదని, దాన్ని వెలిగించాల్సిన మాంత్రికుడికి ఒడ్డుకు కొట్టుకొచ్చే ఓడ శకలాలు ఏరుకుని బతికే కుటుంబం చాటుగా డబ్బు ముట్టజెబుతోందని, ఆ కుటుంబంతో వియ్యమందిన నగరపెద్ద అంతా తెలిసీ మౌనంగా ఉన్నాడని చెబుతుంది. రెండోది అంతకంటే ఎక్కువ చోటేమీ తీసుకోలేదు. అయినా ఆటగాళ్లు ఏ వైపు నుంచి వచ్చినా, ఎవరి పక్షం వహించినా మీ దగ్గర జవాబు ఉంటుంది. మీ పెద్ద పుస్తకంలో ఇటువంటి పేరాలు ఎన్ని ఉన్నాయో, మొదటి రకం పేరాలు ఎన్ని ఉన్నాయో చూడండి. వేల ఏళ్ల చరిత్ర కూడా ఈనాటి తగాదాకు కారణంగా పనికివచ్చినంత వరకే మీకు అవసరం.

తక్కువ పేజీలు ఉన్నంత మాత్రాన లోకం చిన్నదైపోదు. అప్పట్లో ఈ ఆటను ప్రచురించే టీఎస్ఆర్ సంస్థ 1980లో తెచ్చిన, ఆట సృష్టికర్తల్లో ఒకరైన గ్యారీ గైగాక్స్ గ్రేహాక్ లోకం 32 పేజీల పుస్తకం, రెండు భాగాల పెద్ద మ్యాప్, అంతే. రాజ్యాల వర్ణనలు క్లుప్తంగా ఉంటాయి. మిగతాదంతా గేమ్ మాస్టర్లు తమ తమ బల్లల దగ్గర నింపుకున్నారు.

రచయిత దేన్ని చెప్పకుండా వదిలేశాడో కూడా గమనించండి. ఈ విషయంలో నాకు అత్యంత ఇష్టమైన ఉదాహరణ ఎబెరాన్ అనే లోకం. ఈ ఆటను తర్వాత చేపట్టిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2002లో కొత్త లోకం కోసం ప్రతిపాదనలు ఆహ్వానించినప్పుడు దాదాపు 11,000 వచ్చాయి; వాటిలోంచి ఎంపికైన కీత్ బేకర్ ప్రతిపాదన 2004లో పుస్తకంగా వచ్చింది. అందులో దాదాపు ఒక శతాబ్దం సాగిన యుద్ధం ముగిసి రెండేళ్లే అయింది. యుద్ధం ముగియడానికి ముందు సైర్ అనే రాజ్యం ఒక్క రోజులో నాశనమైపోయింది. ఎందుకు నాశనమైందో పుస్తకం కావాలనే చెప్పదు. ఆ కారణాన్ని నిర్ణయించే హక్కు గేమ్ మాస్టర్‌దే. అయితే ఆ ఖాళీ చుట్టూ ఉన్నదంతా నిర్దిష్టంగా ఉంది: కాందిశీకులు ఎక్కడ తలదాచుకున్నారు, పొరుగు రాజ్యాలు ఎందుకు భయపడి శాంతికి ఒప్పుకున్నాయి, ఎవరు ఎవరిని అనుమానిస్తున్నారు అన్నవన్నీ తెలుస్తాయి. రాయడం చేతకాక వదిలిన ఖాళీకి, ఆలోచించి వదిలిన ఖాళీకి తేడా ఇదే.

మీ ఆటగాళ్ల పాత్రలకు ఆ లోకంలో చోటుందా అన్నది తర్వాతి ప్రశ్న. ఈ ఆటకే చెందిన ఫర్గాటెన్ రెల్మ్స్ అనే మరో లోకం మీద చాలాకాలంగా ఉన్న ఫిర్యాదు ఇదే. ఎల్‌మిన్‌స్టర్ వంటి మహామాంత్రికులు ఉన్న చోట, ముప్పు వచ్చినప్పుడు వారే ఎందుకు కదలరని ఆటగాళ్లు అడుగుతారు, అడగడం న్యాయమే కూడా. గేమ్ మాస్టర్ సమాధానం చెప్పగలడు, కానీ ఆ భారం పుస్తకం మోయవలసింది. ఎబెరాన్‌లో మహాశక్తిమంతులను ఉద్దేశపూర్వకంగానే అరుదుగా ఉంచారు.

మంత్రశక్తి ఆ సమాజాన్ని ఎంత మార్చిందో కూడా చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ (ఐదో కూర్పు) నిబంధనల్లో మరణించి పది రోజులు దాటని వ్యక్తిని ఐదో స్థాయి మంత్రంతో, 500 బంగారు నాణేల విలువైన వజ్రంతో బతికించవచ్చు. అలాంటి లోకంలో రాజు హత్యకు గురయ్యాడని పుస్తకం రాస్తే, ఖజానా నిండా వజ్రాలున్న రాజకుటుంబం ఆయన్ను ఎందుకు బతికించుకోలేదో కూడా చెప్పాలి. ఆ స్థాయి పూజారులు దేశంలో ఒక్కరే ఉన్నారనవచ్చు, ధర్మశాసనం ఒప్పుకోదనవచ్చు, రాణికే ఇష్టం లేదనవచ్చు. ఏది చెప్పినా అందులోంచి కథ పుడుతుంది. ఈ ప్రశ్న తట్టనే తట్టని పుస్తకంతో మీకు ముందు ముందు ఇబ్బంది తప్పదు.

మ్యాప్‌ను కొలబద్దతో పరీక్షించండి. అదే నిబంధనల్లో సాధారణ నడక రోజుకు 24 మైళ్లు. సరిహద్దు కోట నుంచి రాజధానికి 900 మైళ్లుంటే కాలినడకన 37 రోజులకు పైనే పడుతుంది. కాలినడకన బయలుదేరిన సేన పది రోజుల్లో చేరిందని వర్ణనలో ఉంటే మ్యాప్ గీసినవారు, కథ రాసినవారు మాట్లాడుకోలేదన్న మాట. ఇండెక్స్ లేని పెద్ద పుస్తకాన్ని ఆట మధ్యలో వాడలేమన్నది వేరే చెప్పనక్కర్లేదు.

మీరు చెప్పినదాన్ని బట్టి నేనైతే లోయ పుస్తకంతో మొదలుపెడతాను. తొలి స్థాయిల్లో ఉన్న పాత్రలు ఎలాగూ దూరప్రయాణాలు చేయవు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వస్తేనే అక్కడి మనుషులు వారికి పరిచయమవుతారు, తమ పనుల ఫలితాలు వారి కళ్లముందే కనబడతాయి. ముందు రెండు పుస్తకాల్లోనూ మూడేసి చోట్ల ఆ ఊరి పరీక్ష చేసి చూడండి. పెద్దది మూడుసార్లూ నెగ్గితే నా సలహాను పక్కన పెట్టి దాన్నే తీసుకోండి.

ప్రశ్న: కొత్త ఎడిషన్ వచ్చినప్పుడు ప్రచురణకర్తలు లోకాన్ని మార్చేస్తారని విన్నాను. అప్పుడు నా పుస్తకం వృథా అయిపోతుందా?

జవాబు: కాదు. 2008లో నాలుగో ఎడిషన్ కోసం ఫర్గాటెన్ రెల్మ్స్ కాలాన్ని దాదాపు వందేళ్లు ముందుకు జరిపినప్పుడు రాజ్యాలే మారిపోయాయి, చాలామంది అభిమానులు బాధపడ్డారు. ఎబెరాన్‌లో మాత్రం 2004, 2009, 2019 పుస్తకాలన్నిట్లోనూ ఆట ఆ లోకపు లెక్కలో 998వ సంవత్సరంలోనే మొదలవుతుంది. నాకు ఈ రెండో పద్ధతే నచ్చుతుంది, ఎందుకంటే ఆ తర్వాతి చరిత్రను మీ ఆటగాళ్లకే వదిలిపెడుతుంది. ప్రచురణకర్త ఏం చేసినా మీ క్యాంపెయిన్‌లో ఏ ఏడాది నడవాలో మీరే నిర్ణయించుకోవచ్చు. కొత్త ఎడిషన్‌లో సరిచేయవలసి వచ్చేవి శత్రువుల గణాంకాలు, మంత్రాల వివరాలే. అందుకే నిబంధనల అంకెలు తక్కువగా, మనుషులు, స్థలాల వివరాలు ఎక్కువగా ఉన్న పుస్తకం ఎక్కువ కాలం పనికివస్తుంది.

ప్రశ్న: ఆటగాళ్లు కూడా పుస్తకమంతా చదవాలా?

జవాబు: అక్కర్లేదు. పుస్తకంలో సగం వారికి తెలియకూడని రహస్యాలే ఉంటాయి. పాత్రలు పుట్టిపెరిగిన ప్రాంతం గురించి, అక్కడ అందరికీ తెలిసిన విషయాలను మాత్రమే తీసుకుని మీ మాటల్లో ఒక పేజీ రాసివ్వండి. ఆ పేజీ రాయడానికి పుస్తకంలో ఎన్ని చోట్ల వెతకవలసి వచ్చిందో గుర్తుంచుకోండి. కొన్ని పుస్తకాలు ఆటగాళ్లకు చూపదగిన భాగాన్ని వేరుగా అచ్చువేస్తాయి, ఆ సౌకర్యం ఉన్నదాన్ని ఎంచుకుంటే మీకు చాలా శ్రమ తగ్గుతుంది.