కొత్త గ్రాఫిక్స్ కార్డు వేశాక స్క్రీన్ మీద గీతలు ఎందుకు వస్తాయి?

కారణం పాత కార్డు డ్రైవర్ (కార్డును విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) పూర్తిగా పోకపోవడమో, కొత్త కార్డుకు కరెంటు చాలకపోవడమో కావచ్చు, ప్రతిసారీ కార్డు పాడవడమే కాదు.

ముందు బయోస్‌లోకి (విండోస్ రాకముందే కనిపించే కంప్యూటర్ సెట్టింగుల స్క్రీన్) వెళ్లి ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. అక్కడ విండోస్ డ్రైవర్ పని చేయదు. కాబట్టి బయోస్‌లో బొమ్మ శుభ్రంగా ఉండి, విండోస్ వచ్చాకే గీతలు పడితే ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌ను. కొత్త డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని, నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో (విండోస్ కనీస డ్రైవర్లతో మాత్రమే నడిచే పద్ధతి) డీడీయూతో, అంటే పాత డ్రైవర్‌ను పూర్తిగా తీసేసే టూల్‌తో, పాతది తుడిచేయండి. నెట్ ఉంచితే విండోస్ మధ్యలో తనకు తోచిన డ్రైవర్ ఎక్కించేస్తుంది.

బయోస్‌లోనే గీతలుంటే మానిటర్ కేబుల్ మార్చి చూడండి, సిస్టమ్ ఆపేసి, మదర్‌బోర్డులో కార్డు కూర్చునే స్లాట్ లాక్ టక్కుమనేదాకా కార్డును నొక్కండి.

కార్డు మీద బరువైన పని పడినప్పుడే తేడా వస్తే ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే పెట్టె) చూడాలి. హన్మకొండలో ఓ ఫ్లెక్సీ డిజైన్ షాపులో జీటీఎక్స్ 1650 కార్డు తీసి ఆర్‌టీఎక్స్ 3060 కార్డు వేశారనుకోండి. పాతది 75 వాట్లది, అంత కరెంటు స్లాటే ఇస్తుంది. కొత్తది 170 వాట్లు లాగుతుంది, విడిగా పవర్ కేబుల్ కావాలి. దీనికి చిప్ తయారీ కంపెనీ ఎన్విడియా చెప్పే ఎస్‌ఎంపీఎస్ 550 వాట్లు. పాత 400 వాట్లదే ఉంచితే డెస్క్‌టాప్ బాగానే కనిపిస్తుంది, రెండర్ (డిజైన్‌ను తుది బొమ్మగా తయారుచేసే బరువైన పని) పెట్టగానే స్క్రీన్ నల్లబడొచ్చు.

గీత కనబడగానే కార్డు పోయిందని షాపుకు పరుగెత్తకండి. ఇంకో సిస్టమ్‌లో వేసినా అవే గీతలు వస్తేనే మార్చి ఇమ్మని అడగండి.