మున్సిపాలిటీలో హంగ్ వస్తే పొత్తు చర్చలు ఎలా జరుగుతాయంటే, మా అత్త ఆవకాయ సాక్షిగా

ప్రశ్న అడిగినాయన "మా మున్సిపాలిటీలో ఏ పార్టీకీ మెజారిటీ రాలేదు, చైర్మన్ ఎవరవుతారు, పొత్తు చర్చలు ఎలా జరుగుతాయి" అన్నారు. ఆ "పొత్తు చర్చలు" అన్న మాట చూసి నవ్వొచ్చిందండీ, ఏమనుకోకండి. టీవీలో చూపించినట్టు రెండు పార్టీల పెద్దలు బల్లకి అటూ ఇటూ కూర్చుని కాగితాల మీద సంతకాలు పెట్టడం మున్సిపాలిటీల్లో ఉండదు. అక్కడ ఉండేవి మూడే: బస్సు, స్విచాఫ్ చేసిన ఫోన్లు, ఎక్స్ అఫీషియో ఓటు (అంటే ఎమ్మెల్యే, ఎంపీ లాంటివాళ్ళకి పదవి వల్ల వచ్చే ఓటు). ఇది పుస్తకంలో చదివింది కాదు, 2014లో మా మేనత్త ఇండిపెండెంట్‌గా గెలిచినప్పుడు క్యాంపుకి, అంటే గెలిచినవాళ్ళు అవతలివైపు జారిపోకుండా ఓటు రోజు దాకా దాచిపెట్టే చోటికి, తోడుగా వెళ్ళింది నేనే కాబట్టి చెప్తున్నా.

ఊరి పేరు, పార్టీల పేర్లు చెప్పను, మావాళ్ళింకా అక్కడే ఉంటున్నారు. కోస్తాలో 23 వార్డుల ఊరు అనుకోండి చాలు. అసలు మావయ్య నిలబడదామనుకున్నాడు, తీరా మా వార్డు మహిళకి రిజర్వ్ అయింది, సరే అత్తకైనా బీ ఫారం ఇమ్మని అడిగితే పార్టీ వాళ్ళు చివరి రోజు దాకా తిప్పి వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆ మంటతో కుట్టుమిషను గుర్తు మీద అత్తని దింపాడు. అత్తకి ఇష్టమా అని ఎవరైనా అడిగారా, అడగలేదు. ఆవిడ మాత్రం ఇల్లిల్లూ తిరిగి 17 ఓట్లతో గెలిచింది.

ఇక్కడ 2014 సంగతి ఒకటి చెప్పాలి, చాలామంది మర్చిపోయారు. ఆ ఏడాది మున్సిపల్ పోలింగ్ మార్చి 30న అయిపోయింది. ఫలితాలు మాత్రం అసెంబ్లీ పోలింగ్ మీద ప్రభావం పడుతుందని కోర్టు ఆపడంతో మే 12 దాకా రాలేదు. చైర్మన్ల ఎన్నికేమో జులై 3న. ఈలోగా రాష్ట్రమే రెండయింది! అంటే గెలిచిన మనిషికీ చెయ్యెత్తే రోజుకీ మధ్య 52 రోజులు. 2020 జనవరిలో తెలంగాణలో 25న ఫలితాలు, 27నే చైర్మన్ ఎన్నిక పెట్టేశారు, పద్ధతంటే అదీ. మాకు 52 రోజులు, ఎంత ఖర్చయి ఉంటుందో మీరే లెక్కేసుకోండి.

మా ఊళ్ళో ఒక పార్టీకి 11, ఇంకో పార్టీకి 10, ఇండిపెండెంట్లు ఇద్దరు. వాళ్ళలో అత్త ఒకరు, రెండో ఆయన ఎరువుల కొట్టాయన. ఫలితాలొచ్చిన రాత్రే రెండు పార్టీల వాళ్ళూ ఇంటికొచ్చారు, పది నిమిషాల తేడాతో, ఒకళ్ళ చెప్పులు ఇంకొకళ్ళు వాకిట్లో చూసుకునేంత దగ్గరగా. ఇద్దరూ ఇస్తామన్నది ఒకటే, వైస్ చైర్మన్. అత్త అడిగింది ఏంటంటే మా వార్డు ఎలిమెంటరీ స్కూల్ ముందు మురుక్కాలవ మీద మూత. పిల్లలు పడుతున్నారని. మావయ్య అడిగింది నామినేషన్ పనులు, అంటే టెండర్ లేకుండా ఇచ్చే కాంట్రాక్టులు. నిజమైన చర్చ ఏదన్నా జరిగిందంటే అది ఆ రాత్రి వంటింట్లో అత్తకీ మావయ్యకీ మధ్య జరిగిందే, అందులో ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు. 11 మంది ఉన్న వాళ్ళకే మాటిచ్చారు. తెల్లారి నాలుగింటికి బస్సు.

బెంగుళూరు అవతల ఒక రిసార్టు. ఫోన్లన్నీ తీసుకుని జంతికల డబ్బాలో వేసి మూత పెట్టారు, రోజుకి ఒక్కసారి, పక్కన ఒక మనిషి నిలబడగా, స్పీకర్ ఆన్ చేసి ఇంటికి మాట్లాడుకోవచ్చు. మగాళ్ళకి పేకాట ఉంది. ఆడవాళ్ళు ఆరుగురు, వాళ్ళకి ఏం తోస్తుంది. మూడో రోజుకి అత్త ఏడుపు మొహం పెట్టింది. ఏంటత్తా అంటే "కాయలు తెప్పించి పెట్టానురా, మండువాలో పోసొచ్చాను, పండిపోతాయి, ఈ ఏడు ఆవకాయ లేనట్టే" అంది. మే నెల సగంలో పచ్చళ్ళు పెట్టే మనిషిని తీసుకెళ్ళి స్విమ్మింగ్ పూల్ పక్కన కూర్చోబెడితే ఏమవుతుంది మరి.

క్యాంపు చూసుకునే ఆయన తెలివైనోడు. ఇండిపెండెంట్ అలిగితే పీఠం పోతుందని మధ్యాహ్నానికల్లా రెండు గోతాల కాయలు, నువ్వుల నూనె, ఆవాలు, కల్లుప్పు, ఆఖరికి జాడీ కూడా తెప్పించాడు. రిసార్టు వంటాయన కత్తి ఇస్తే అత్త అటూ ఇటూ తిప్పి చూసి "దీంతో టెంక తెగదు" అని పక్కన పడేసింది, అప్పుడు ఎక్కణ్ణించో పెద్ద కత్తి తెచ్చారు. ఆడ కౌన్సిలర్లంతా కూర్చుని కాయలు గుడ్డతో తుడవడం, ఒక మాజీ చైర్మన్ గారు స్వయంగా ముక్కలు కొట్టడం, జీడి తీసే పని నాది. ఆ నాలుగు గంటల్లో వాళ్ళ మధ్య కుదిరిన స్నేహం 52 రోజుల్లో ఏ నాయకుడి స్పీచ్ వల్లా కుదర్లేదు. చైర్‌పర్సన్ అవ్వాల్సినావిడకీ అత్తకీ అప్పటిదాకా మాటల్లేవు, ఆవపిండి పాళ్ళ దగ్గర కలిసిపోయారు.

ఒక్కటే చిక్కొచ్చింది, కారం. ఆ ఊరి కారం నాలిక మీద వేసుకుని "ఇది రంగు" అని తేల్చేసింది అత్త. ఇంట్లో పట్టించిన కారమే కావాలంది. సరే అని ఒక కుర్రాణ్ణి మా ఊరికి పంపారు. వాడు మా వాకిట్లో స్టీలు డబ్బాతో కారం తీసుకెళ్తుంటే ఎదురింటావిడ "ఎక్కడికిరా" అంది, వాడు "అత్తగారు రిసార్టులో పచ్చడి పెడుతున్నారండీ" అని ఊరి పేరుతో సహా చెప్పేశాడు. అయిపోయింది.

పచ్చడి కలిపిన మూడో రోజు, తిరగ కలిపి నూనె పోసే రోజే, పొద్దున్న గేటు దగ్గర అవతలి పార్టీ వాళ్ళ కార్లు రెండు. గొడవేం కాలేదు, గుళ్ళకి వెళ్తూ ఇటొచ్చాం అన్నారు. మావాళ్ళు కంగారుపడి ఆ రాత్రే బస్సెక్కించి ఇంకో చోటికి మార్చారు, అత్త ఒళ్ళో జాడీ, వాసెన గట్టిగా కట్టి రెండు చేతుల్తో పట్టుకుని తెల్లార్లూ నిద్రపోలేదు. ఎరువుల కొట్టాయన ఆ పొద్దున్న గేటు దగ్గర అరగంట కనబడలేదు. అప్పుడే బేరం కుదిరింది. ఆధారం ఉందా అంటే లేదు గానీ నూటికి నూరుపాళ్ళు అప్పుడే.

నడుమ ఇళ్ళకి పంపారు, జూన్ ఆఖర్లో మళ్ళీ బస్సు. ఈ రెండోసారి టెన్షనంతా ఎంపీ గురించి. మీరు అడిగినదానికి అసలు జవాబు ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా చదవండి. ఎమ్మెల్యేలు, ఎంపీలు, ఎమ్మెల్సీలకి ఎక్స్ అఫీషియోగా ఓటుంటుంది, కానీ ఎంపీ కింద నాలుగైదు మున్సిపాలిటీలున్నా ఒక్క చోటే వేయాలి, ఎక్కడ కావాలో ఆయనే ఆప్షన్ ఇస్తాడు. సో ఎంపీ మా ఊరికి ఇస్తే ఒక లెక్క, పక్క ఊరికి ఇస్తే ఇంకో లెక్క. ఆయన పక్క ఊరికి ఇచ్చాడు. మావాళ్ళకి 11 ప్లస్ ఇద్దరు, 13. అవతల 10 ప్లస్ ఎమ్మెల్యే, 11. స్వీట్లు ఆర్డరిచ్చేశారు.

జులై 3న హాల్లో చేతులెత్తమన్నారు. రహస్య ఓటు కాదండీ, అందరి ముందూ ఎత్తాలి. పార్టీ వాళ్ళకైతే విప్ ఉంటుంది, అంటే ఫలానా వాళ్ళకే వేయాలని పార్టీ ఆదేశం, ధిక్కరిస్తే వేసిన ఓటు చెల్లుతుంది గానీ తర్వాత పదవి పోతుంది. ఇండిపెండెంట్‌కి ఆ భయం లేదు. మావాళ్ళ పేరు చదివితే 12 చేతులు లేచాయి. ఎరువుల కొట్టాయన కిటికీలోంచి బయటకి చూస్తున్నాడు. అవతలి పేరు చదవగానే మెల్లగా ఎత్తాడు, పూర్తిగా కూడా కాదు, చెవి దాకా. 12, 12. సమానమైతే చీటీలు తీస్తారు. రెండు చీటీలు మడిచి డబ్బాలో వేసి, ఊపి, ఒకటి తీస్తే అవతలి పార్టీ. 52 రోజులు, రెండు రిసార్టులు, అన్ని లక్షలు, చివరికి చీటీ.

బయటకొచ్చాక అత్త పీఠం గురించి ఒక్క మాట అనలేదు. "నా చేతి ఉప్పు తిన్నాడురా, మూడు పూటలా తిన్నాడు" అంది అంతే.

ఇది చిన్న ఊళ్ళ గోల, కార్పొరేషన్లలో పద్ధతిగా ఉంటుందనుకునేవాళ్ళు నిజామాబాద్ చూడండి. 2020లో 60 డివిజన్లలో బీజేపీకి 28, ఎంఐఎంకి 16, టీఆర్ఎస్‌కి 13. మేయర్ ఎవరికి? 13 వచ్చిన టీఆర్ఎస్‌కి, డిప్యూటీ ఎంఐఎంకి. అదే ఎన్నికల్లో తుక్కుగూడలో 15 వార్డుల్లో ఎక్కువ గెలిచింది బీజేపీ, పీఠం ఎక్స్ అఫీషియో ఓట్లతో టీఆర్ఎస్‌ది. నేరేడుచర్లలో అప్పటి కాంగ్రెస్ రాజ్యసభ ఎంపీ కేవీపీ గారి ఓటు చెల్లుతుందా లేదా అని ఎంత రచ్చ అయిందో గుర్తుండే ఉంటుంది. హైదరాబాద్ సరేసరి, 2020 డిసెంబర్‌లో 150లో టీఆర్ఎస్ 56, బీజేపీ 48, ఎంఐఎం 44. ప్రచారంలో టీఆర్ఎస్, ఎంఐఎం మాకు మాకు ఏ పొత్తూ లేదు అని ఒట్లేసుకున్నారు, ఫిబ్రవరి 11న ఎంఐఎం వాళ్ళు టీఆర్ఎస్ మేయర్ అభ్యర్థి గద్వాల విజయలక్ష్మి గారికి చేతులెత్తారు. దాన్ని పొత్తంటారా? ఎవరూ అనలేదు. 2009లో కాంగ్రెస్, ఎంఐఎం మాత్రం మేయర్ పీఠాన్ని కాస్త బాహాటంగానే పంచుకున్నారు, ముందు కాంగ్రెస్ కార్తీక రెడ్డి గారు, 2012 నుంచి ఎంఐఎం మాజిద్ హుస్సేన్.

నిలబడ్డవాళ్ళు లేరా అంటే ఉన్నారు. 2021లో తాడిపత్రిలో 36 వార్డులకి టీడీపీ 18, వైసీపీ 16, సీపీఐ ఒకటి, ఇండిపెండెంట్ ఒకరు. వైసీపీకి ఎంపీ, ఎమ్మెల్యే కలిపితే 18 అవుతాయి, సమానం. సీపీఐ ఆయనా ఇండిపెండెంటూ జారలేదు కాబట్టి 20తో జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. రాష్ట్రం మొత్తం ఒకవైపు కొట్టుకుపోయిన ఎన్నికల్లో అది. ఆ ఇద్దరి గురించి ఎవరూ వార్త రాయలేదు, జేసీ గారి మీసం గురించే రాశారు.

నన్నడిగితే ఎక్స్ అఫీషియో ఓటు తీసేయాలి. వార్డుల్లో గెలవని పార్టీకి కుర్చీ ఇప్పించడానికి ఎంపీ ఎవరండీ? 2002లో హైదరాబాద్ మేయర్‌గా తీగల కృష్ణారెడ్డి గారిని జనమే నేరుగా ఓట్లేసి గెలిపించారు, ఇప్పుడేమొచ్చిందంట? నేరుగా ఎన్నికైతే క్యాంపులూ ఉండవు, కౌన్సిల్ మీటింగుల్లో భార్య కుర్చీ పక్కన కుర్చీ వేయించుకునే మొగుళ్ళ బెడదా కొంత తగ్గుతుంది. మా మావయ్య కూడా వేయించుకున్నాడు లెండి, ఒక ఏడాది. తర్వాత అత్తే వద్దంది.

మీ ఊరి సంగతికొస్తే పార్టీల ప్రకటనలు చదవడం మానేసి రెండు విషయాలు కనుక్కోండి, మీ ఎంపీ ఆప్షన్ ఏ మున్సిపాలిటీకి ఇచ్చాడు, గెలిచిన ఇండిపెండెంట్ ఇంటికి తాళం ఉందా లేదా. తాళం ఉంటే ఎవరి బస్సో పక్కింటివాళ్ళకి తెలిసే ఉంటుంది.

స్కూల్ ముందు కాలవ మీద మూత నాలుగో ఏట పడింది, మావాళ్ళని ఓడించిన చైర్మన్ హయాంలోనే. వేయించింది ఎరువుల కొట్టాయన. ఇప్పటికీ మే నెలలో అత్త ఇంటి ముందు స్కూటర్ ఆపి "అక్కా, కలిపావా" అని అడుగుతాడు. అత్త మొహం అటు తిప్పుకుంటుంది, సాయంత్రం చిన్న గిన్నెలో వేసి నా చేతే పంపిస్తుంది.