అడగండి, చెబుతా: పాలెంలో మిషన్ బడి

ప్రశ్న: టీచరు గారూ, మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. మా ఊరి పాలెంలో, అంటే దళితవాడలో, చర్చిని ఆనుకుని లూథరన్ మిషన్ వాళ్ల ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాల ఉంది. ఐదు తరగతులూ కలిపి నలభై మంది లోపే పిల్లలు, రెండు గదులు, ఇద్దరు టీచర్లు. మా పాపను ఒకటో తరగతిలో చేర్చాలి. మావారు టౌన్‌లో ఇంగ్లీషు మీడియానికి బస్సులో పంపుదామంటున్నారు. అత్తయ్యగారికేమో మిషన్ బళ్లో ప్రార్థనలు చేయిస్తారని భయం. నాకు మాత్రం అంత చిన్నపిల్లని బస్సెక్కించబుద్ధి కావడం లేదు. ఆ బళ్లో చదువు బాగుంటుందా?
- ఒక తల్లి, బాపట్ల జిల్లా

జవాబు: ఇక్కడ కూర్చుని నేనెలా చెప్పేదమ్మా! అలాంటి బళ్లోనే పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి, ఏం చూడాలో మాత్రం చెబుతాను.

క్రిస్మస్ ప్రోగ్రాం రోజు వెళ్లకండి. ఆ రోజు ఏ బడైనా వెలిగిపోతుంది. మామూలు మంగళవారం పొద్దున పదిన్నరకి వెళ్లండి. టీచరమ్మను అడిగి, మూడో తరగతి పిల్లనొకదాన్ని పిలిచి, రెండో తరగతి తెలుగు వాచకం మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదవమనండి. మొదటి పాఠం వద్దు. అది కంఠతా వచ్చేసి ఉంటుంది, పుస్తకం తలకిందులుగా పట్టుకునైనా అప్పజెప్పేస్తారు. ‘స్నేహితులు’, ‘ఉత్సాహం’ లాంటి మాటల దగ్గర కూడబలుక్కునైనా ముందుకు పోతే పరవాలేదు. వత్తు కనబడగానే మీ మొహం చూస్తే, ఒకటీ రెండు తరగతుల్లో ఆ పిల్లని ఎవరూ దగ్గర కూర్చోబెట్టుకోలేదన్నమాట.

తర్వాత పలక ఇచ్చి 52లోంచి 27 తీసెయ్యమనండి. 35 అని వేసిందనుకోండి, రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసేసింది. పుల్లల కట్ట విప్పి పదిని ఒకట్లు చేసి చూపించి ఉంటే ఆ తప్పు రాదు. ఇదే లెక్క, ఇదే పేజీ టౌన్ బడికి పోయే మీ పక్కింటి పిల్లాడికీ ఇచ్చి చూడండి. మీ వారిని కూడా పక్కనే కూర్చోబెట్టండి.

ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు. మూడో తరగతికి పాఠం చెబుతుంటే ఐదో తరగతి వాళ్లు ఏం చేస్తున్నారన్నది చూడాలి. నోటుబుక్కులో పేజీల కొద్దీ చూచిరాత రాస్తుంటే ఆ పూట గంగలో కలిసినట్టే. ఒకటో తరగతి వాళ్లని పక్కన పెట్టుకుని చదివిస్తున్నారంటే అక్కడ పని తెలిసిన టీచరమ్మ ఉన్నట్టు. ఒక్కొక్కరికి ఇరవై మంది లోపే కాబట్టి, మనసుంటే ప్రతి పిల్ల చేతా రోజూ చదివించొచ్చు. ఆ సౌకర్యం టౌన్ బడి సెక్షన్లలో దొరకదు.

ఇంకోటి, మొహమాటపడకుండా అడగండి: ఇద్దరిలో రిటైర్మెంటు ఎవరికి దగ్గరపడింది? ఎయిడెడ్ పోస్టుల భర్తీ ఏళ్ల తరబడి ఆగిపోయింది. 2021లో ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని తనలో కలుపుకుంటానంటే చాలా యాజమాన్యాలు ఒప్పేసుకున్నాయి. ఖాళీ వచ్చిన చోట చర్చి సంఘం వాళ్లు కానుకల డబ్బుతో ఊళ్లో చదువుకున్న అమ్మాయిని పెడుతుంటారు. అలాంటి వాళ్లలో బంగారంలాంటి టీచర్లని చూశాను. పెళ్లి కుదరగానే వెళ్లిపోతారు, అదీ బాధ. ఇంగ్లీషు మాట్లాడించడంలో ఈ బళ్లు వెనకే. దాచేదేం లేదు.

అత్తయ్యగారికి చెప్పండి, ప్రభుత్వ సాయం తీసుకునే బడి తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లనీ ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. రాజ్యాంగం 28(3) అధికరణంలోనే ఉంది. డిసెంబర్లో నక్షత్రం కడతారు, పాప అదీ చూసొస్తుంది. ఈ లూథరన్ మిషన్‌కి ఆద్యుడైన హెయర్ దొరగారు గుంటూరు వచ్చింది 1842లో. ఆ మిషన్ బళ్లు పాలేల్లో వెలిశాయంటే, చాలా ఊళ్లలో ఊరి బడి పాలెం పిల్లల్ని గడప తొక్కనిచ్చేది కాదు కాబట్టి. అత్తయ్యగారికి అడ్డం ప్రార్థన ఒక్కటేనా, పాలెం కూడానా అన్నది మీ ఇంట్లోనే తేల్చుకోండి.

నన్నడిగితే, ఆ మూడో తరగతి పిల్ల చదవగలిగితే మీ పాపని అక్కడే చేర్చండి. మధ్యాహ్న భోజనం ఎయిడెడ్ బడికీ ఉంటుంది. ఐదు అయ్యాక ఎలాగూ ఊరు దాటాల్సిందే, బస్సు అప్పుడెక్కుతుంది.

ప్రశ్న: టౌన్‌లో చర్చి వాళ్ల కాన్వెంటులో మా బాబుకి విద్యాహక్కు చట్టం కింద ఉచిత సీటు వస్తుందా?
- ఒక తండ్రి, తెనాలి

జవాబు: దానికి మైనారిటీ హోదా ఉంటే రాదండి. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మిగతా ప్రైవేటు బళ్లలో ఒకటో తరగతికి 25 శాతం సీట్లుంటాయి. దరఖాస్తు సంగతి మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి.