పెద్దావిడ పేరు పాపకి పెట్టాలా వద్దా? మా ఇంటి సూర్యకాంతం సంగతి

మీ అత్తగారు వాళ్లమ్మ పేరు, సుబ్బలక్ష్మి, పాపకి పెట్టమంటున్నారు. మీకేమో పాత పేరని బళ్లో ఏడిపిస్తారని భయం, కాదంటే పెద్దావిడ చిన్నబుచ్చుకుంటుందని ఇంకో భయం. మాకు ఆరేళ్ల కిందట ఇంతకంటే గట్టి చిక్కే వచ్చింది. మామగారు వాళ్లమ్మ పేరు పెట్టమన్నారు. ఆవిడ పేరు సూర్యకాంతం.

ఆ మాట వినగానే ఎడమచెయ్యి తిప్పుతూ కోడల్ని దులిపేసే గయ్యాళి అత్త నా కళ్ల ముందుకొచ్చింది. నిజానికి సూర్యకాంతం అంటే ఎండ తగిలితే నిప్పు పుట్టించే మణి. నటి సూర్యకాంతం గారు కూడా తెర బయట మెత్తటి మనిషనే అంటారు. అయితేనేం, ఆవిడ నటన దెబ్బకి పిల్లలకి ఆ పేరు పెట్టుకునే ధైర్యం తెలుగువాళ్లకి లేకుండా పోయింది. ఆవిడ 1994లో పోయారు గానీ గుండమ్మ ఇంకా పోలేదు.

మామగారికి మాత్రం ఆ పేరంటే గుండమ్మ కాదు. అటక మీద నుంచి ఒక ఇత్తడి గంగాళం దింపించి, చింతపండుతో తోమించి, అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు చూపించారు. ‘సూర్యకాంతం’. సున్నా సగం అరిగిపోయింది. ఆయన దాని మీద వేలు పెట్టి నిలబడ్డారు, ఏమీ అనలేదు. ఆ తర్వాత నాకు నవ్వు రాలేదు.

అడ్డం తిరిగింది అత్తగారు! తన అత్తగారి పేరు ఆవిడ జన్మలో నోటితో అనలేదు. “రేపు అది పాలు ఒలకబోస్తే నేను ఏమని కసరాలి?” అన్నారు. పెద్దల పేర్లు పెట్టిన ఇళ్లలో చిన్నమ్మలూ బుజ్జమ్మలూ ఎందుకు పుట్టుకొస్తారో నాకప్పుడు అర్థమైంది.

నక్షత్రం ఏమైనా గట్టెక్కిస్తుందా అని చూస్తే, ఆర్ద్ర మూడో పాదం. అక్షరం ‘ఙ’! పంతులుగారే నవ్వేసి, పక్క పాదం పట్టుకోండి, ‘ఘ’ గానీ ‘ఛ’ గానీ, అన్నారు. అవి మాత్రం ఏం సుఖం?

చివరికి బారసాల రోజు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో రెండు పేర్లు రాశాం. ముందు సూర్యకాంతం, కింద కాంతి. రికార్డుల్లో కాంతి. మామగారికి మొదటిది చాలు. అత్తగారు ఇప్పటికీ ‘బంగారం’ అనే పిలుస్తారు. ‘కాంతి’ అన్నా సగం పేరు అన్నట్టేనట.

మీ విషయంలో నాకైతే సుబ్బలక్ష్మి అంత కష్టమైన పేరుగా తోచడం లేదు. అది పాతదనేది మన చెవులకే. మా అమ్మాయి క్లాసులో పిల్లలకి సూర్యకాంతం ఎవరో తెలియదు, పూర్తి పేరు చెప్పినా ఎవరూ నవ్వలేదు. పిల్లలు ఏడిపించేది వేరే చోట. మా అన్నయ్య అమెరికాలో ఉంటాడు, కొడుక్కి హర్షిత్ అని ముచ్చటపడి పెట్టుకున్నాడు. ఇంగ్లీషులో రాస్తే చివరి నాలుగు అక్షరాలు ఏమవుతాయో స్కూల్లో చేర్చాక గానీ తట్టలేదు వాడికి. అందుకని మీరు అనుకున్న పేరు ఒకసారి ఇంగ్లీషులో రాసి చూడండి, ఒకసారి వంటింట్లోంచి వీధిలోకి వినపడేలా అరిచి చూడండి.

బర్త్ సర్టిఫికెట్‌కి టెన్షన్ పడకండి. పుట్టిన 21 రోజుల్లో జననం నమోదు చేయిస్తే చాలు, పేరు అప్పుడే చెప్పక్కర్లేదు. నమోదైన 12 నెలల్లోపు ఫీజు లేకుండా చేర్చుకోవచ్చు, తర్వాతైతే ఆలస్యపు రుసుము కట్టాలి. ఈలోగా మీ అత్తగారిని వాళ్లమ్మ గురించి నాలుగు మాటలు చెప్పమని అడగండి. మీ ఇంట్లో కూడా అటక మీద గంగాళం ఉందేమో.